బంపరు మీద నాలుగు లైట్లు

నా కారుకి అదనంగా లైట్లు పెట్టించాలన్న ఆలోచన కార్తీకమాసం చివర్లో వచ్చింది. వచ్చింది అనకూడదు, నేనే తెచ్చుకున్నాను. సాయంత్రం ఆరు దాటితే రోడ్డు నాకు సరిగ్గా కనపడటం మానేసింది. ఎదురుగా వచ్చే బండి లైటు చుట్టూ అప్పడమంత వలయం కనపడేది. అది దాటిపోయాక కూడా రెండు మూడు క్షణాలు ముందేముందో తెలిసేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి అసలే చెప్పలేదు. రోజూ ఆ చీకట్లో, ఆ కారులో, నా పక్కన కూర్చుని ఇంటికొచ్చేది ఆవిడే.

మా ఆవిడ భీమునిపట్నం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. మేముండేది గోపాలపట్నంలో. పొద్దున్న తోటి టీచర్లతో కలిసి బస్సులో వెళ్ళిపోతుంది. వానాకాలం మొదలైందంటే పదో తరగతి పిల్లలకి బడి వదిలాక కూడా క్లాసులుంటాయి. అవి అయ్యేసరికి ఆరవుతుంది. ఆ వేళప్పుడు బస్సులు మారుతూ ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటిపోతుంది. నేనేమో రిటైరై ఇంట్లో ఊరికే కూర్చున్నవాణ్ణి. "నేనొచ్చి తీసుకొస్తాలే" అని రెండేళ్ళ కిందట నా అంతట నేనే అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ మాట నన్నే బతికించింది. రిటైరైన మగవాడికి సాయంత్రం నాలుగున్నరకి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరడానికి ఒక పని ఉండటమంటే చిన్న విషయం కాదు. వీధిలో ఎవరైనా "ఎక్కడికండీ?" అంటే "డ్యూటీకి" అనేవాణ్ణి. కళ్ళ సంగతి బయటపెడితే ఆ డ్యూటీ పోతుంది. స్టీరింగు పోతుంది. సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని ఆవిడ బస్సు కోసం గడియారం చూసుకోవాలి. అందుకని నోరు కుట్టేసుకున్నాను.

అసలు లోపం నా కంట్లో ఉందని నేను నమ్మితే కదా, ఇంకొకళ్ళకి చెప్పడానికి! దానికి కారణం నా ఉద్యోగం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పారిశ్రామికవాడలో ఒక ఇనుప యార్డులో ఇరవై తొమ్మిదేళ్ళు క్రేన్ నడిపాను. యార్డు పేరెందుకు లెండి. పెద్ద షెడ్డు, దాని కప్పు కింద పట్టాలు, ఆ పట్టాల మీద అటూ ఇటూ తిరిగే క్రేన్, దానికి వేలాడే కేబిన్లో నేను. కింద ఇనుప పలకలు, వాటి మధ్య మనుషులు. పైనుంచి నేను "కింద కనపట్టం లేదు" అని ఒక్క కేక వేస్తే చాలు, మర్నాటికల్లా ఎలక్ట్రికల్ వాళ్ళు ఇంకో పెద్ద లైటు తెచ్చి బిగించేవాళ్ళు. కనపడలేదంటే లైటు చాలలేదని అర్థం. క్రేన్ ఆపరేటరు కన్ను చాలలేదని ఎవరూ అనేవాళ్ళు కారు, మేమూ అనుకునేవాళ్ళం కాదు. నేను పని మానేసినా ఆ లెక్క నాలో మానలేదు. రోడ్డు కనపడకపోతే నాకు తోచిన మందు ఒక్కటే, లైట్లు.

సరే, రోజూ భోజనం అయ్యాక ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. లోకంలో ఇన్ని రకాల లైట్లున్నాయని అప్పుడే తెలిసింది. గుండ్రటివి, చదరంగా డబ్బీల్లా ఉండేవి, బండి వెడల్పంతా అడ్డంగా పట్టేసే పట్టీలు. వెలుగుని సన్నగా దూరానికి తోసేవి కొన్ని, దగ్గర్లోనే పక్కలకి పరిచేవి కొన్ని. తెలుపు, పసుపు. ఒక్కో వీడియోలో ఒక్కో కుర్రాడు ఒక్కో లైటు వేసి, అడవంతా పట్టపగలు చేసేసి, "చూశారా!" అనేవాడు. చూశాను. చూసి మురిసిపోయాను. ఆ కుర్రాళ్ళ కళ్ళకి ఇరవై ఐదేళ్ళని, నా కళ్ళకి అరవై రెండని మాత్రం తట్టలేదు.

ఒకరోజు మా ఆవిడ నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూసి, "ఏంటండీ, ఎవరిదో పెళ్ళి ఊరేగింపా?" అంది.

"కారుకి లైట్లు. చలికాలం మంచు పడుతుంది కదా" అన్నాను.

ఆవిడ నా వైపు ఒక నిమిషం చూసి, "మంచి పని" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎంత, ఎందుకు అని ఒక్క ప్రశ్న వెయ్యకుండా ఆవిడ ఒప్పుకున్న మొదటి కొనుగోలు అదేనేమో. అనుమానం రావలసింది నాకు. రాలేదు.

మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. రేకుల షెడ్డు, ముందు పాత బ్యాటరీల వరస. నలభై ఏళ్ళుంటాయి. భీమిలి పక్క సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టినవాడు. మొదట్లో బోట్లకి వైరింగు చేసి, తర్వాత బళ్ళకి మళ్ళాడు. అతనికి నేను రాసుకెళ్ళిన చీటీ ఇచ్చాను. అందులో ఆరు లైట్లున్నాయి.

చీటీ చదివి అతను నా కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "ఏటి సార్, ఇయ్యన్నీ ఎందుకండీ మీకు? కొండల్లో రేసులికెల్తన్నారేటి?"

"భీమిలికి వెళ్తున్నాను, మా ఆవిణ్ణి తేవడానికి."

"అయితే రెండు సాలు. పసుపువి. బంపరు కింద ఎట్టుకోండి, రోడ్డు వారంట పరుసుకుంటాది. తెల్లవొద్దు. మంచులో తెల్ల లైటేత్తే గోడకేసినట్టే, ఎనక్కొచ్చి మన కళ్ళల్లోనే పడతాది. బోటు మీద నాను శానాసార్లు సూసేను."

సలహా బంగారం లాంటిది. నాకు నచ్చలేదు. దూరం కనపడాలి నాకు, రోడ్డు వార కాదు. అరగంట వాదించాను. నేను పెద్దవాడినన్న మర్యాదకి అతను కొంత తగ్గాడు, ఆకలేసి నేను కొంత తగ్గాను. చివరికి పసుపువి రెండు కింద, తెల్లవి రెండు పైన, మొత్తం నాలుగని తేలింది.

రెండో శనివారం ఆవిడకి బడి లేదు, ఆ మధ్యాహ్నం బండి పెట్టాను. అతని పనితనం చూస్తూ కూర్చుంటే నాకు యార్డులో రోజులు గుర్తొచ్చాయి. ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. లైట్లకి కరెంటు నేరుగా స్విచ్చిలోంచి ఇవ్వకుండా మధ్యలో రిలే పెట్టాడు. బరువంతా ఆ డబ్బీ మోస్తుంది, స్విచ్చి దానికి సైగ మాత్రం చేస్తుంది. ఫ్యూజు పెట్టాడు. తీగలకి నల్ల గొట్టం తొడిగి, ఇంజను వేడి తగలకుండా పక్కవారగా తిప్పి, రబ్బరు బిరడాలోంచి లోపలికి లాగి, స్టీరింగు కింద రెండు స్విచ్చిలు బిగించాడు. ఎక్కడా తొందర లేదు. అలాంటి పని చూస్తే నా కోపం కూడా చల్లారుతుంది. ఇద్దరం టీ తాగాం.

చీకటి పడేవేళకి లైట్ల చూపు సరిచేసే పని మిగిలింది. లైటు మరీ పైకి చూస్తే ఎదుటివాడి కళ్ళు పోతాయి, మరీ కిందకి చూస్తే మనకి ఉపయోగం లేదు. షెడ్డు వెనక ఒక గోడౌన్ గోడ ఉంది. దానికి పాతికడుగుల దూరంలో కారు నిలబెట్టించి, గోడ మీద అడ్డంగా నల్ల టేపు అంటించాడు. వెలుగు అంచు ఆ టేపుకి కాస్త కిందుండాలి. నేను లోపల కూర్చుని చెప్పాలి, అతను బంపరు దగ్గర స్పానరుతో సరిచెయ్యాలి.

"సార్, ఎలుగు టేపు పైనుందా, కిందుందా?"

నాకు గోడ కనపడుతోంది. గోడ మీద వెలుగు కనపడుతోంది. టేపు కనపట్టం లేదు. "పైన" అన్నాను. అతను దించాడు. "ఇప్పుడో?" "ఇంకొంచెం." అతను మధ్యమధ్యలో లేచి గోడ వైపు చూసుకుంటూ సర్దుకున్నాడు కాబట్టి తెల్ల లైట్లు గట్టెక్కాయి. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళాడు. అక్కడేదో చేస్తున్నాడు. నా జవాబు కోసం నిలబడ్డాడనుకుని నేను కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అన్నాను, "సరిపోయిందయ్యా, సరిగ్గా టేపు కిందే ఉంది. బిగించెయ్!"

అతను వెనక్కి తిరిగాడు. "ఏ టేపు సార్?"

పసుపు లైట్లు ఇంకా కింద ఉంటాయి కాబట్టి వాటి కోసం గీత కిందకి మార్చాలని టేపు పీకేశాడట. అది అతని వేళ్ళకి వేలాడుతోంది. దగ్గరికి వచ్చి చూపిస్తే తప్ప నాకు తెలియలేదు.

అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, ఎదురు నవ్వేసి ఊరుకునేవాణ్ణి. లైట్లు ఆపేసి, కిటికీ దగ్గర గొంతుక్కూర్చుని నెమ్మదిగా మాట్లాడాడు. "మా అయ్యకి ఇలగే కంట్లో పొరొచ్చీసింది సార్. సెప్పేవోడు గాడు. సెప్తే బోటెక్కనివ్వరని భయం. ఓసారి సూపించుకోండి. అప్పటిదాకా సీకట్లో బండి తియ్యకండి."

"నీ పని లైట్లు బిగించడం. నా కళ్ళ సంగతి నిన్నడిగానా?" అన్నాను.

అతను మిగతా రెండూ తనే అటూ ఇటూ నడిచి, చూసుకుని, బిగించి పంపించాడు. ఇంటికొచ్చేదాకా నా చెవులు వేడెక్కే ఉన్నాయి. ఆదివారమంతా ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది. మా ఆవిడ పక్కనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి టీ అడిగాను, రెండోసారి ఆ రోజు న్యూస్ పేపరు అడిగాను. సిగ్గేసింది. దానికంటే ఎక్కువ భయమేసింది. పోనీ, ముందు లైట్లెలా ఉన్నాయో ఒక్కరోజు చూద్దాం, ఆ తర్వాత చెబుదాం అని నన్ను నేనే బుజ్జగించుకున్నాను.

సోమవారం సాయంత్రం బడి గేటు దగ్గర మా ఆవిడ కారుని ఎగాదిగా చూసి, "దీనికి ముందు బ్యాండు మేళం ఒక్కటే తక్కువ" అని నవ్వుతూ ఎక్కింది. హైవే మీద వీధి దీపాలున్నాయి, ఇబ్బంది లేదు. హనుమంతవాక దగ్గర హైవే వదిలి అడవివరం వైపు తిరిగాం. ముడసర్లోవ దాటాక కొండ పక్కన చీకటి చిక్కబడుతుంది. అక్కడ రెండు స్విచ్చిలూ వేశాను.

రోడ్డంతా తెల్లబడిపోయింది. చెట్ల మొదళ్ళు, గట్టు మీద గడ్డి, అన్నీ ఒక్కసారి ముందుకొచ్చినట్టయింది. నా ఛాతీ ఉబ్బింది. "చూశావా!" అన్నాను, ఆ వీడియో కుర్రాళ్ళలాగే. ఆవిడ "ఊఁ" అంది. ఆ వెలుగు చూసి నాకు రోడ్డు కనపడుతోందనుకున్నాను. నాకు కనపడుతున్నది వెలుగే.

మలుపులోంచి ఒక లారీ వచ్చింది. నా లైట్లు చూసి విసుక్కుని తన లైట్లు రెండుసార్లు ఎత్తికొట్టింది. నేను గబగబా తెల్లవి ఆపి, అది దాటగానే మళ్ళీ వేశాను. ముందంతా తెల్లటి పొగలా ఉంది. ఇంకాసేపట్లో సర్దుకుంటుందిలే అని పోనిస్తూనే ఉన్నాను.

"ఆపండీ! మనిషండీ! మనిషి!"

బ్రేకు తొక్కాను. టైర్లు కీచుమన్నాయి, కారు పక్కకి ఈడ్చుకుపోయి ఆగింది. ఆగాక కనపడ్డాడు. బంపరుకి రెండు మూడు అడుగుల దూరంలో ఒక పెద్దాయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సైకిలుకి రెండు పక్కలా పాల క్యాన్లు. నాలుగు లైట్ల వెలుగులో అవి తళతళా మెరుస్తున్నాయి. ఆయన తెల్ల పంచె, తెల్ల బనీను, తెల్ల జుట్టు. రోడ్డు దాటుతూ మధ్యలో ఉండిపోయాడు. అంత వెలుగులో అంత తెల్లగా నిలబడ్డ మనిషిని నేను చూడలేదు.

ఆయన చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని అరిచాడు. "ఏటి బావా! నాలుగు లైట్లేసుకుని కూడా కనపడ్నేదేటి? ఈ ఎలుగుకి నా కళ్ళు పోతన్నాయి, నీకేమో నాను కనపడ్నేను!"

మా ఆవిడే కిటికీ దించి "తప్పయిపోయింది బాబూ, దెబ్బేం తగల్లేదు కదా" అని బతిమాలింది. ఆయన గొణుక్కుంటూ సైకిలు తోసుకుని అవతలికి వెళ్ళాడు. కారు పక్కకి తీసి ఇంజను ఆపేద్దామని గేరు వేశాను. కారు కదల్లేదు. కిందకి చూశాను. హ్యాండ్‌బ్రేకు పైకంటా లాగి ఉంది. దాని మీద మా ఆవిడ చెయ్యి ఉంది. కారుని ఆపింది సగమైనా ఆ చెయ్యే.

ఆవిడ చెయ్యి తీసింది. మెల్లగా గట్టు వారకి తెచ్చి, ఇంజనాపి, లైట్లన్నీ ఆపేశాను. చుట్టూ మామూలు చీకటి. దూరంగా ఒక టీ బడ్డీ దగ్గర బల్బు, దాని చుట్టూ అదే వలయం.

"నాకు కనపట్టం లేదు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"తెలుసు" అంది.

"ఎప్పట్నించి?"

"వినాయక చవితి ముందు నుంచి. ముడసర్లోవ దాటితే నా చెయ్యి దీని మీదే ఉంటుంది. మీరు చూడలేదు."

చూడలేదు. పక్కన అంత దగ్గరగా కూర్చున్న మనిషి చెయ్యి ఎక్కడుందో నాకు తెలియలేదు. ముందు కోపమొచ్చింది, నా కోపం ఎప్పుడూ ముందే వస్తుంది. "తెలిసీ నాకెందుకు చెప్పలేదు? ఆ మనిషికి ఏమన్నా అయ్యుంటే?"

"అది నా తప్పే. మీ అంతట మీరే చెబుతారని చూశాను. లైట్లంటే కూడా పోనీలే, దాంతో సరిపోతుందేమో అనుకున్నాను. మీరు చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తుంటే నాకు నోరు రాలేదు."

ఒక బస్సు దాటిపోయింది. తర్వాత నేనడిగాను, "అన్నీ తెలిసీ రోజూ ఈ కారెలా ఎక్కావు? భయం వెయ్యలేదా? తలనొప్పనో, తోటి టీచర్లతో వస్తాననో, ఏదో ఒకటి చెప్పి బస్సెక్కెయ్యొచ్చు కదా?"

మా ఆవిడ పుట్టి పెరిగింది ఈ పక్కే. ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పి చెప్పి పుట్టింటి మాట పక్కన పెట్టేసింది. ఆ గట్టు వార చీకట్లో అది మళ్ళీ వచ్చేసింది.

"నానెక్కకపోతే మీరు మానేత్తారేటి? బస్సు కాడికి ఎదురొత్తానని ఒక్కరే వొచ్చీవోరు. ఒక్కరే ఎల్లీవోరు. మీ పక్కన ఎవరుంటారు?"

ఇద్దరం దిగాక కారు తాళం వేసి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. ఆ చెయ్యి పట్టుకుని, బస్సు కోసం టీ బడ్డీ వెలుగు వైపు నడిచాను.